మీ టీ ఏదో గట్టిగా చెప్పండి

మా తోడల్లుడి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అతను నన్ను బాగుచేశాడు.

ఇంటా బయటా అందరూ అతన్ని డెమో అంటారు. టీ మిషన్లు అమ్మే కంపెనీలో సేల్స్ మనిషి. ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి విప్పి, బిగించి, మీట నొక్కి చూపించకుండా కూర్చోలేడు. మా అత్తగారింట్లో ఫ్యాను శుభ్రంగా తిరుగుతుంటే, అది ఎలా తిరుగుతుందో మా మామగారికి విప్పి చూపించాడు. ఆ తర్వాత అది తిరగలేదు. అయినా అత్తగారు చిన్నల్లుడి తెలివికి మురిసిపోయారు. స్టూలెక్కి దాన్ని మళ్ళీ తిరిగేట్టు చేసింది పెద్దల్లుడు, అంటే నేను. నాతో ఆవిడ అన్న మాట: "ఆ స్టూలు కూడా తీసి లోపల పెట్టు నాయనా."

అలాంటి డెమో పుణ్యమా అని ఈమధ్య నాకు ఒక సత్యం తెలిసింది. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, నాకు సత్యాలు తరచుగా తెలియవు. తెలిసినప్పుడు దాచుకోకూడదని రాస్తున్నాను.

మనిషన్నవాడికి ఒకే ఒక్క ఫేవరెట్ టీ ఉండాలి! మిగతా టీలన్నీ దాని ముందు దిగదుడుపే అనాలి. అడిగీ అడగగానే చెప్పాలి. పదిమందిలో గట్టిగా చెప్పాలి. అలా చెప్పలేనివాడికి టీ పోయడం దండగ, వేణ్ణీళ్ళు చాలు.

విడ్డూరంగా ఉందా? పాతకాలం ఎంత మోటుగా ఉండేదో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇంటికి మనిషి వచ్చేవాడు. ఇంటావిడ టీ ఇచ్చేది. అతను తాగేవాడు. అంతే! ఇందులో అతని చదువు తెలిసిందా? హోదా తెలిసిందా? గ్లాసు కింద పెట్టి, వచ్చిన పని మాట్లాడుకుని, చెప్పులేసుకుని పోయేవాడు. ఇక గొడ్డుకీ మనిషికీ తేడా ఏమున్నట్టు? కుడితి పెడితే అది కూడా పేరడక్కుండానే తాగుతుంది.

ఇప్పుడలా కాదు. గుమ్మంలో ఉండగానే అడుగుతారు, మీరు ఏ టీ తీసుకుంటారని. గ్రీనా, లెమనా, మందారమా, చేమంతా? వచ్చింది ఇంటికా, పూలకొట్టుకా అని మనకే సందేహం వస్తుంది. నాలుగు రోజులుండి పోదామని సంచీ సర్దుకొచ్చిన చుట్టాలు, ఆ ప్రశ్నకి జవాబు తెలియక, ఇటుగా వెళ్తూ పలకరించి పోదామని వచ్చామని చెప్పి వెనుదిరిగిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. ఇంతకన్నా మేలు ఇల్లాలికి ఎవరు చేయగలరు?

ఇంకో లాభం చూడండి. మనుషుల్ని గుర్తుపెట్టుకోవడం ఎంత తేలికైపోయిందో! మా వీధి దర్జీ అదివరకు గిరాకీలను నడుము కొలతతో గుర్తుపెట్టుకునేవాడు. నడుములు ఊరుకుంటాయా? ఏటా మారతాయి. ఇప్పుడు టీ పేరుతో గుర్తుపెట్టుకుంటున్నాడు. పొట్టి జింజర్, పొడుగు జింజర్, చేతులు లూజు పెట్టమన్న లెమన్ అని సుద్దముక్కతో గుడ్డల మీద గీసుకుంటున్నాడు. ఒక్క చొక్కా కూడా తారుమారు కాలేదు. మొగుడిది ఒక టీ, పెళ్ళాంది ఒక టీ అయిన ఇళ్ళలో వంటింటి అలమరకి మధ్యన గీత గీసుకున్నారు. ఇప్పుడు చక్కెర డబ్బా ఎవరి వైపు ఉండాలన్న దాని మీద తప్ప ఇంకే గొడవా లేదు. అదివరకు వాళ్ళు ఎన్ని విషయాల మీద పోట్లాడుకునేవారు!

ఇదంతా నాకు మొదట్లో అర్థం కాలేదు. కారణం, నా వృత్తి. నేను టీ కాచేవాణ్ణి. వంటవాడికి ఆకలి తెలియదంటారే, ఆ జబ్బే నాదీను.

నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగు ఒకటుంది. కింద, లిఫ్టు పక్కన, మెట్ల కిందికి ఒదిగిన మూల నాది. నాది అంటే కాగితం మీద కాదు, అలవాటు మీద. నాకు పెళ్ళి కాకముందు నుంచీ అక్కడే స్టవ్వు, అక్కడే గిన్నె, అక్కడే నేను. మెట్ల మీద ఎవరైనా పరిగెత్తితే నా గిన్నెలోకి సున్నం రాలేది. దానికి నేను అదనంగా ఏమీ పుచ్చుకోలేదు.

నా దగ్గర రెండు రకాలే దొరికేవి. టీ ఉంది, టీ అయిపోయింది. మధ్యాహ్నం దాటితే నా టీలో నీళ్ళు ఎక్కువవుతాయని గిట్టనివాళ్ళు అనేవారు. ఎండవేళ నీళ్ళు ఎక్కువ తాగమని డాక్టర్లు చెప్పడం లేదా? నేను డాక్టర్ల మాట విన్నాను, అంతే.

ఒకరోజు డెమో వచ్చాడు. టై కట్టుకుని వచ్చాడు. నాకేసి చూసి చెయ్యి ఊపి, లిఫ్టెక్కి రెండో అంతస్తుకి వెళ్ళాడు. అక్కడ బిల్డింగు సెక్రటరీ గారుంటారు. వృత్తికి ఆడిటరు, మంచి మనిషి, న్యాయమంటే చెవి కోసుకుంటారు. డెమో ఆయనకి తన మిషన్ గురించి చెప్పాడట. ఇరవై నాలుగు రకాల టీలు, ఒక్క మీట, మంట లేదు, పొగ లేదు, గిన్నె తోమే పని లేదు. పెట్టడానికి మాత్రం మూల ఒకటి కావాలి, పక్కన ప్లగ్గు ఉండాలి. బిల్డింగు మొత్తానికి అలాంటి మూల ఒక్కటే ఉంది. అందులో నేనున్నాను.

నన్ను పైకి పిలిచారు. సెక్రటరీ గారి గదిలో డెమో కుర్చీలో కూర్చునున్నాడు. నేను గ్లాసుల ట్రే పట్టుకుని వెళ్ళాను కాబట్టి నిలబడ్డాను.

సెక్రటరీ గారు తన తీర్పు చెప్పారు. తనకి ఇద్దరమూ ఒకటే. మొహమాటాలు వద్దు. బిల్డింగులో వాళ్ళని ఒక్కొక్కరినీ మీ ఫేవరెట్ టీ ఏదని అడుగుదాం, దేనికి ఎక్కువమంది ఉంటే ఆ టీకే మూల. అది మామూలు టీ అయితే నేను కదలక్కర్లేదు. మిషన్‌లోది అయితే నేను ఖాళీ చేయాలి.

అందరి ఫోన్లకీ ప్రశ్న పంపిస్తానన్నాడు డెమో. ఎవరికి వాళ్ళు గుట్టుగా నొక్కుకుంటారట. ఫోను, గుట్టు అనే రెండు మాటలు వినగానే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ఇందులో ఏదో మతలబు ఉంది! వెంటనే అడ్డం తిరిగాను. ఫోనులో ఎవడు ఏం నొక్కుతాడో ఎవడికి తెలుసు, మనిషి నిలబడి, పదిమంది ముందు, నోటితో చెప్పాలన్నాను. నీతి అంటే అదేనన్నాను. చాలాసేపు వాదించాను. సెక్రటరీ గారు చివరికి నా మాటే ఒప్పుకున్నారు.

నా జన్మలో నేను గెలిచిన వాదన అదొక్కటే.

నాకంత ధీమా ఎందుకంటారా? ఆ బిల్డింగులో నా టీ తాగని నోరు లేదు. ప్లీడరు గారు కోర్టుకి వెళ్ళే ముందు ఒకటి, వచ్చాక ఒకటి. పళ్ళ డాక్టరు గారు ఒక్కో పన్ను పీకినప్పుడల్లా ఒకటి. వాచ్‌మన్ సంగతి సరే, గేటు దగ్గర కన్నా నా దగ్గరే ఎక్కువ కాపలా కాసేవాడు. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ మాత్రం, తాగేవాళ్ళని తాగనివ్వక ఈ పంతాలు మీకెందుకంది. ఆడవాళ్ళకి లెక్కలు తెలియవనుకున్నాను.

అడిగే రోజు వచ్చింది. పొద్దున అందరూ లిఫ్టు దగ్గర చేరారు. సెక్రటరీ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. డెమో ఇరవై నాలుగు టీల పేర్లున్న బోర్డు నిలబెట్టాడు. వాళ్ళావిడ, అంటే మా మరదలు, మొగుడి ప్రతాపం చూడ్డానికి వచ్చింది. మా ఆవిడ నాకు క్యారియర్ తెచ్చి, చెల్లెలి పక్కన నిలబడింది. నేను ఆ పూట పాలలో నీళ్ళ చుక్క కలపలేదు. అందరి చేతుల్లోనూ నా గ్లాసులే.

ముందు ప్లీడరు గారిని అడిగారు. ఆయన పక్కన ఖరీదైన కళ్ళద్దాల క్లయింటు ఒకడున్నాడు. ప్లీడరు గారు గుటక వేశారు. నా టీనే. రుమాలు తీసి మీసం తుడుచుకున్నారు. ఆ మీసాల మీద ఉన్నదీ నా టీనే.

"వైట్ టీ" అన్నారు. "నేను మొదట్నుంచీ వైట్ టీనే."

ఆయన జూనియర్‌ని అడిగితే, తనదీ సార్ గారిదేనన్నాడు. సార్ గారి టీ కాక వేరే టీ ఇష్టపడితే రేపటినుంచి ఏ ఫైలు ఇస్తారో అతనికి తెలుసు.

పళ్ళ డాక్టరు గారికి నేను పోసే గ్లాసులో మూడు చెంచాల చక్కెర. చుట్టూ ఆయన పేషెంట్లు, దవడలు పట్టుకుని నిలబడున్నారు. ఆయన గ్లాసు వెనక్కి దాచి, చక్కెర లేని మందారం టీ అన్నారు. పేషెంట్లు కూడా ఒకరి తర్వాత ఒకరు మందారం మందారం అన్నారు. మూతులు వాచి ఉన్నాయి కాబట్టి వాళ్ళు నిజంగా ఏమన్నారో నేను చెప్పలేను. సెక్రటరీ గారు మందారమనే తీసుకున్నారు.

నా ఆశ వాచ్‌మన్ మీద పెట్టుకున్నాను. అతను బోర్డుకేసి చాలాసేపు చూశాడు.

"ఆ కింద నుంచి రెండోది సార్."

పేరేమిటయ్యా అని సెక్రటరీ గారు అడిగారు.

"పేరు నాకు నోరు తిరగదు సార్. కానీ అదంటే ప్రాణం."

అలా ఒక్కొక్కరే చెప్పుకుపోయారు. ఒకాయన లేత చిగుళ్ళ టీ అన్నాడు, ఒకామె గులాబీ రేకుల టీ అంది. చెప్పి, గ్లాసు అడుగున మిగిలింది కూడా వదలకుండా తాగి, ఖాళీ గ్లాసు తెచ్చి నా ట్రేలో పెట్టారు. చివరికి సెక్రటరీ గారు మా ఆవిడ వైపు తిరిగి, మీరూ రోజూ వస్తారు కదమ్మా, మీదేమిటని అడిగారు.

ఆవిడ నావైపు చూసింది. చెల్లెలి వైపు చూసింది.

"చేమంతి టీ అండీ."

ఆఖర్న నన్నడిగారు. మన వంటని మనమే మెచ్చుకుంటే ఏం బాగుంటుంది? నాదేముంది సార్, వదిలేయండని పక్కకి జరిగాను. పెంపకం అలాంటిది.

పేషెంట్లు పుణ్యం కట్టుకోబట్టి మందారం గెలిచింది. మామూలు టీకి ఒక్కరూ లేరు. సెక్రటరీ గారికి నిజంగానే బాధేసింది. "ఒక్కరైనా అనలేదు కదయ్యా. నేనేం చెయ్యను చెప్పు?" అంటూ తన గ్లాసు నా ముందుకి చాపారు. "ఇంకో సగం పొయ్యి."

పోశాను.

ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నాను. అన్నం పెడుతూ మా ఆవిడే మొదలుపెట్టింది.

"మా చెల్లి ముందు ఉట్టి టీ అని ఎలా అంటానండీ? అక్కయ్యకి టీ తాగడం కూడా రాదని పుట్టింట్లో చెప్పదూ?"

"చెబితే చెప్పుకోనియ్యి."

"అంతమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు మీ టీ అంటారులే అనుకున్నాను."

అసలు మహిమంతా ఈ మాటలోనే ఉంది, గమనించారా? ఎవరో ఒకరు అంటారులే! ప్లీడరు గారూ అదే అనుకున్నారట. డాక్టరు గారూ అదే అనుకున్నారట. ఇంత ఐకమత్యం మన బిల్డింగులో తప్ప ఇంకెక్కడైనా ఉందా?

మిషన్ వచ్చింది. ఎవరి వేలిముద్ర వాళ్ళు పెట్టి, ఎవరి ఫేవరెట్ వాళ్ళు ఒకసారి చెప్పేస్తే చాలు. ఆ తర్వాత ఆ వేలికి ఆ టీ తప్ప ఇంకోటి రాదు. మార్చాలంటే కంపెనీకి రాయాలి. దీన్ని కొందరు ఇబ్బంది అంటారు. నేను నిలకడ అంటాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కోరుకునే చపలచిత్తం పోవాలంటే ఇంతకన్నా మార్గముందా?

ప్లీడరు గారు వేలు పెడితే వైట్ టీ వస్తుంది. టీ ఆకు ఆ నీళ్ళలో కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయినట్టుంటుంది. ఆయన క్లయింట్ల ముందు దాన్ని కళ్ళు మూసుకుని ఆస్వాదిస్తారు. జూనియర్ కూడా అదే వరసలో కళ్ళు మూసుకుంటాడు. వాచ్‌మన్‌కి వచ్చే కింద నుంచి రెండోది తడిసిన గోనెసంచి వాసన వేస్తుంది. మాట ఇచ్చాడు కాబట్టి తాగుతున్నాడు. మాట మీద నిలబడే మనుషులు తగ్గిపోతున్నారని ఏడ్చేవాళ్ళు ఒకసారి వచ్చి మా వాచ్‌మన్ మొహం చూడాలి.

నేనేం చేశానంటే, బిల్డింగు వెనక, పార్కింగులో, జనరేటర్ పక్కన స్టవ్వు పెట్టుకున్నాను. పైన కప్పు లేదు. వానొస్తే గొడుగు నాకు పట్టుకోవాలా, గిన్నెకి పట్టుకోవాలా అన్నది రోజూ కొత్తగా తేల్చుకోవలసిన సమస్య.

అక్కడికి ప్లీడరు గారు తన కారు టైరు చూసుకోవడానికి వచ్చారు. చూస్తూ చూస్తూ ఒక టీ పుచ్చుకున్నారు. ఆ కారు టైరుని అంత ప్రేమగా చూసుకునే మనిషిని నేను మరెక్కడా చూడలేదు. రోజుకి రెండుసార్లు చూసేవారు. డాక్టరు గారు మంచి గాలి కోసం జనరేటర్ దగ్గరికి వచ్చేవారు! వాచ్‌మన్ దొంగలున్నారేమోనని వచ్చేవాడు. ఇద్దరు ఒకేసారి తారసపడితే, ఒకాయన టైరుకేసి, ఒకాయన ఆకాశంకేసి చూసేవారు. గ్లాసులు మాత్రం ఎవరివి వాళ్ళ వీపు వెనక ఉండేవి.

ఇలా ఎంతకాలం? పార్కింగులో మంట పెట్టకూడదని సెక్రటరీ గారు కాగితం అంటించారు. వచ్చే మీటింగులో ఏదో ఒకటి తేలాలి. ఎవరైనా ఒక్కరు లేచి నాకు మామూలు టీయే ఇష్టమని అంటే, మూల సంగతి మళ్ళీ ఆలోచిస్తామన్నారు. ఒక్కరు చాలన్నారు. లేకపోతే మూల మిషన్ కంపెనీకి రాసిచ్చేస్తారు, నేను స్టవ్వు ఆర్పి వెళ్ళిపోవాలి.

టైరు దగ్గర ప్లీడరు గారిని అడిగాను. నోరు తెరిచి ఒక్కమాట అనండి సార్ అన్నాను.

"నేను మొదలుపెడితే బాగుండదయ్యా. ఎవరైనా మొదలుపెట్టనీ, వెనక నేనున్నాను."

డాక్టరు గారూ వెనక ఉంటానన్నారు. జూనియర్ సార్ గారి వెనక ఉంటానన్నాడు. వాచ్‌మన్ అందరి వెనకా ఉంటానన్నాడు. నా వెనక అంత జనం ఉందని నాకు అప్పుడే తెలిసింది. ముందు మాత్రం ఖాళీ.

మీటింగు జరిగింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మిషన్ టీ విషయంలో ఎవరికైనా చెప్పుకోవలసింది ఉందా అని సెక్రటరీ గారు అడిగారు. ప్లీడరు గారు గొంతు సవరించుకున్నారు. నా గుండె లిఫ్టులా పైకి లేచింది. ఆయన లేచి నిలబడ్డారు కూడా.

"వైట్ టీకి కప్పు కాస్త పెద్దది పెడితే బాగుంటుంది" అని కూర్చున్నారు.

అందరూ తలలూపారు. అలాగే రాసుకున్నారు.

మర్నాడు డెమో మా ఇంటికొచ్చాడు. నామీద ఎంతో జాలి పడ్డాడు. "అన్నయ్యా, మిషన్‌లో పొడులు నింపడానికి మనిషి కావాలి. బయటివాళ్ళని పెట్టడమెందుకు? నువ్వైతే బిల్డింగు కూడా తెలుసు" అన్నాడు. మా ఆవిడ వెంటనే లోపలికెళ్ళి మరిదికి టీ పెట్టింది. ఏ టీ కావాలని అడగలేదు. అతనూ చెప్పలేదు. రెండు గ్లాసులు తాగాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇప్పుడు నేను కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని, పొద్దున్నే మిషన్ తలుపు తీసి, మందారం గొట్టంలో మందారం, వైట్ గొట్టంలో వైట్ నింపుతున్నాను. ఇరవై నాలుగు టీలూ గొప్పవేనని ఇంత నమ్మకంగా రాయగలుగుతున్నది అందుకే. మీరూ ఒకటి ఎంచుకోండి. పదిమందిలో ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పండి. చేతిలో వేరే గ్లాసు ఉంటే మాత్రం, దయచేసి ముందు దాన్ని కింద పెట్టి చెప్పండి. పోసినవాడు అక్కడే నిలబడి ఉంటాడు.

ఇక నేను పోగొట్టుకున్నదానికి లెక్క. మిషన్ బిగించే ముందు నా మూల కొలవడానికి డెమో టేపు ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస నా చేతే పట్టించాడు. ఏడడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. సరిగ్గా మూడున్నర చదరపు గజాలు.